మేడమ్ తాగని నేల ఉసిరి రసం

"మీ మేడమ్ పోయిందమ్మా. తాగమన్నది తాగుంటే బతికేది." పోయిన మంగళవారం పొద్దున్నే మేడమ్ వాళ్ల అక్కగారు ఫోన్ చేసి అన్న మాటలివి. మొదటి మాటకు ఏడుపొచ్చింది. రెండో మాటకు "వస్తున్నానండీ" అని ఫోన్ పెట్టేశాను.

ఫార్మసీ కాలేజీలో మేడమ్ నాకు పాఠం చెప్పారు, పరిశోధన నేర్పారు. తర్వాత అక్కడే, ఆవిడ పక్క గదిలోనే నాకు ఉద్యోగమూ వచ్చింది. ఆవిడ పనంతా నేల ఉసిరి మీద. గట్ల మీద కలుపుతో పాటు పీకి పారేసే ఆ చిన్న మొక్కలోని యాంటీఆక్సిడెంట్లు కాలేయాన్ని కాపాడతాయా అన్నది ఆవిడ ప్రశ్న. ఎలుకలకు కొన్నాళ్లు ఆ రసం పట్టి, ఆ తర్వాత కాలేయాన్ని దెబ్బతీసే మందు ఇచ్చేవాళ్లం. రసం తాగిన ఎలుకల్లో దెబ్బ తక్కువగా కనిపించింది. ఆ సంగతి పేపర్లో పడింది. అంతే, ఆవిడ అందరికీ నేల ఉసిరి మేడమ్ అయిపోయారు.

ఎలుకల గదిలోకి ఆవిడ చెప్పులు విప్పి వెళ్లేవారు. ఎందుకని అడిగితే, "వాటి ఇల్లు కదమ్మా. పాపం, వేరే గది లేదు వాటికి" అన్నారు.

పేపర్లో రాని మాట ఒకటుంది. దాన్ని క్లాసులో ప్రతి ఏడూ చెప్పేవారు. "ఎలుకకి మనం ముందే పట్టామమ్మా. మనిషి అంతా అయ్యాక వస్తాడు. తుప్పు పట్టకముందు గేటుకి రంగేయడం వేరు, తినేశాక వేయడం వేరు." ఎక్కడో దూరాన మైలవరం వైపు నుంచి కూడా కామెర్లవాళ్లు ఆవిడను వెతుక్కుంటూ వచ్చేవారు. కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, "ముందు డాక్టరుగారికి చూపించండి" అని పంపేవారు. మందు తెలిసీ చెప్పడం లేదని గొణుక్కుంటూ వెళ్లేవారు వాళ్లు. ఆవిడకు కోపం వచ్చేది కాదు. నాకు వచ్చేది.

చుక్క మందు ముట్టని ఆ మనిషికి కాలేయం గట్టిపడిపోయింది. షుగరూ, కొవ్వూ కలిసి చడీచప్పుడు లేకుండా చేసిన పని. బయటపడేసరికే ఆలస్యమైంది. రాసిచ్చిన మందులు తప్ప ఏ పసరూ లోపలికి పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఏది తాగినా ఆ కాలేయమే మోయాలి మరి.

కానీ మన వైపు జబ్బుమనిషిని చూడడానికి ఉత్త చేతులతో ఎవరు వెళ్తారు? పటమటలో మేడమ్ ఇంటికి సీసాల్లో, స్టీలు గ్లాసుల్లో నేల ఉసిరి రసం రావడం మొదలైంది. ఇచ్చి ఊరుకోరు, కళ్లెదుట తాగేదాకా లేవరు. "మీరు చెప్పిందేగా మేడమ్" అంటారు. తలుపేసుకుంటే మర్యాద కాదు. మంచం, కిటికీ, ఎదురుగా గ్లాసు పట్టుకున్న మనిషి. ఎటు తిరుగుతారు? నేనున్న రోజుల్లో వాళ్లను మాటల్లో పెట్టి ఆ రసాన్ని మనీప్లాంటు కుండీలో వంపేసేదాన్ని. "దాని లివరుకి ఇక ఢోకా లేదు" అని ఒకసారి నవ్వారు మేడమ్. నవ్వితే పొట్ట నొప్పి పుట్టి వెంటనే ఆ నవ్వు ఆపేశారు.

అక్కగారి దగ్గర ఈ ఆటలు సాగలేదు. తల్లి లేని చెల్లెల్ని పెంచిన మనిషి ఆవిడ. ఓ పొద్దున తనే దంచి, వడకట్టి తెచ్చారు.

"నువ్వు రాసిందే కదే. లోకానికి చెప్పి నువ్వు తాగవా?"

"ఎలుకల సంగతి రాశానక్కా. నా సంగతి కాదు."

"నా చేత్తో ఇచ్చినా తాగవా?"

మేడమ్ ఆ చేతివంకే చూశారు. "నీ చేత్తో మంచినీళ్లివ్వు, తాగుతాను" అన్నారు.

అక్కగారు గ్లాసు తీసుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఆ గదిలోకి రాలేదు. "తాగితే చదువు పోయేది, తాగనందుకు అక్క పోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదేనమ్మా" అన్నారు మేడమ్. తెలిసినంతే చెప్పడం, తెలియనిది తెలియదనడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. దాని ఖరీదు ఎంతో కూడా అక్కడే చూశాను.

మేడమ్‌ను సాగనంపడం అయిపోయి అందరూ కదులుతున్నప్పుడు, ఇంటి ముందు షామియానా కింద ఒకామె నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

"మీరు మేడమ్ గారి దగ్గర చేసినవారే కదండీ? మా ఆయనకి కామెర్లండీ. ఆ రసం ఏ పూట ఎంత పట్టాలో చెప్పండి."

"అది పట్టకండి. ముందు డాక్టరుగారికి చూపించండి."

"ఆవిడా ఇలాగే అనేవారండీ" అంది మెల్లగా. "ఇక మాకు మీరే కదా, మేడమ్."

నా చెయ్యి వదల్లేదు. ఆమె వెనక ప్లాస్టిక్ కుర్చీలో భర్త కూర్చుని, పచ్చబడిన కళ్లతో నా నోటివంకే చూస్తున్నాడు.