మూతపడని కంటి ఎదుట

మొన్న పొద్దున ఎల్లారెడ్డి నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ పోయింది" అన్నాడు. స్టవ్ ఆపేసి, బిడ్డను వెంటబెట్టుకుని బయల్దేరాను.

మా అమ్మకు అక్క ఆమె. బీడీలు చుట్టేది. నా పెళ్లికి ముందు ముఖంలో ఒక పక్క చచ్చుబడింది. మూతి మెల్లగా సర్దుకుంది గానీ, ఎడమ కన్ను మళ్లీ పూర్తిగా మూతపడలేదు. కామారెడ్డిలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. "రెప్పను మూసే నరం దెబ్బతింది, అంతే. కన్ను ఎండిపోకుండా చూసుకోవాలి" అన్నాడాయన. అప్పటినుంచి రెండు కట్టలు చుట్టగానే లేచి, తంబాకు అంటిన చేతులు సబ్బుతో కడుక్కుని, కంట్లో చుక్కలు వేసుకుని, వేలితో రెప్పను కిందికి దించి కాసేపు పట్టుకునేది. బస్సులో కిటికీ సీటు ఇస్తే వద్దనేది. మధ్యాహ్నం కునుకు తీసినా ఆ కన్ను సగం తెరిచే ఉండేది. "నిద్రల గూడ కావలి కాస్తున్నవా పెద్దమ్మా?" అని ఆటపట్టిస్తే, "నా కన్నంటే మూసుకోదు, నీ నోటికేమైందే?" అనేది.

పిల్లలంటే ప్రాణం ఆమెకు. కానీ ఆ చూపుకు దిష్టి తగులుతుందని, ఆమె వస్తుంటే పసివాళ్లను లోపలికి తీసుకుపోయేవారు కొందరు.

నా బిడ్డను తొట్టెల్లో వేసిన రోజు పెద్దమ్మ గౌను పట్టుకుని వచ్చింది. మా అత్త నావైపు అదోలా చూసింది. డాక్టరు మాట చెవులారా విన్న నేనే, కొంగు లాగి బిడ్డ ముఖం కప్పాను.

పెద్దమ్మ అది చూసింది. "మంచి పని జేసినవ్ బిడ్డా. నా బట్టలకు తంబాకు దుమ్ముంటది, పసిదానికి దగ్గొస్తది" అని గౌను మంచం మీద పెట్టి, దూరంగా పోయి కూర్చుంది. ఆమె కట్టుకున్నది మడతలైనా పోని కొత్త చీర. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కొంగు తీయలేదు.

ఆ తర్వాత నా బిడ్డను ఎప్పుడు పలకరించినా ముఖం కొంచెం పక్కకు తిప్పుకునే మాట్లాడేది. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడిగితే మళ్లీ బాధపడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది ఉత్త పిరికితనం. ఇప్పుడు బిడ్డ అయిదో తరగతికి వచ్చింది, పెద్దమ్మ లేదు.

మేం వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ఎవరో రెండుసార్లు రెప్ప దించారు, నిలవలేదు. "ఎవలి కోసమో చూస్తున్నది" అన్నది పక్కింటి అవ్వ. వెనక నుంచి ఇంకెవరో, "గా పిల్లను పక్కకు తీస్కపో" అన్నారు.

నేను నా బిడ్డ చేయి పట్టుకుని ముందుకు తీసుకెళ్లి, ఆ కంటికి ఎదురుగా కూర్చోబెట్టాను. పాడె కట్టడం అయ్యేదాకా లేపలేదు.