దెయ్యం జోల పాడిన సాయంత్రం

కరోనా తగ్గి షూటింగులు మళ్ళీ ఊపందుకున్న ఏడాది, చలికాలం మొదట్లో, మా సీరియల్ యూనిట్ మొత్తం బేస్తవారిపేట దగ్గర ఒక చిన్న పల్లెలో దిగింది. నాది గిద్దలూరు. హైదరాబాదులో చాలా ఏళ్ళుగా సీరియళ్ళకు ప్రాంప్టర్‌గా పనిచేస్తున్నా, మా వైపు షూటింగుకు రావడం అదే మొదటిసారి. దూరాన నల్లమల కొండలు కనబడగానే, వాటిని నేనే కట్టించినట్టు బస్సులో అందరికీ చూపించాను.

ప్రాంప్టర్ అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. మన సీరియళ్ళలో హీరోయిన్లు చాలామంది పక్క రాష్ట్రం పిల్లలు, తెలుగు రాదు. కెమెరా పక్కన నిలబడి నేను డైలాగు చెబుతుంటే, వాళ్ళు నా వెనకే పెదాలు కదుపుతారు. ఏడవాల్సిన చోట ఏడుపు గొంతుతో చెప్పాలి, తిట్టాల్సిన చోట తిట్టినట్టే చెప్పాలి. సెట్లో రికార్డయ్యే ఈ శబ్దాన్ని పైలట్ ట్రాక్ అంటాం. తర్వాత డబ్బింగ్ ఆర్టిస్టు దాన్ని వింటూ అసలు గొంతు ఇస్తుంది. పైలట్ ట్రాక్ పని అక్కడితో సరి. ఎంతమంది కోడళ్ళ కోసం ఏడ్చానో నాకే లెక్క లేదు. నా గొంతు మాత్రం మా అమ్మ కూడా టీవీలో వినలేదు.

మాది దెయ్యం సీరియల్. కాన్పులో చనిపోయిన ఒక తల్లి తన బిడ్డ కోసం అత్తగారింట్లోనే తిరుగుతుంటుంది. ఒక ఎపిసోడ్ మొత్తం పాటలతోనే నడపాలని ఛానల్ వాళ్ళకు ముచ్చట పుట్టింది. రచయిత మంచి కిటుకే పట్టాడు. దెయ్యానికి మాటలు వినిపించవు, పాటయితేనే వినిపిస్తుంది. కాబట్టి ఇంట్లోవాళ్ళు దానికి ఏం చెప్పుకోవాలన్నా పాడే చెప్పాలి. అత్త క్షమాపణ పాటలో, మొగుడి ఏడుపు పాటలో. బీరువా తాళాలు ఎక్కడ పెట్టావని మామగారు అడిగేది కూడా పాటలోనే. చివర్లో దెయ్యం ఉయ్యాల ఊపుతూ జోల పాడి, ఇంట్లోంచి వెళ్ళిపోవాలి.

పొద్దున్నే స్పీకర్లో పాట మొదలయ్యేది. సెట్లో పాట వినిపించే యంత్రాన్ని మేము ఇప్పటికీ నాగ్రా అనే పిలుస్తాం, పాతకాలపు రికార్డరు పేరు అలా మిగిలిపోయింది. ఆ పాట కందిచేల మీదుగా పోయి ఎక్కడో తగిలి మళ్ళీ మా దగ్గరికి వచ్చేది. సాంబ్రాణి పొగ, దాన్లోకి ఏటవాలుగా ఎండ, ఆ ఎండలో తెల్లచీర కట్టుకున్న దెయ్యం. ఊళ్ళో మేకలు తోలేవాళ్ళు కూడా మా రాగంలోనే మేకల్ని పిలవసాగారు. మధ్యాహ్నం కునుకు తీసి లేస్తే, ఎక్కడిదాకా నిజమో ఎక్కణ్ణుంచి సీరియలో కాసేపు తెలిసేది కాదు. నాకు ఆ మైకం భలే నచ్చింది.

దెయ్యం వేషం వేసిన చైత్ర కన్నడ అమ్మాయి. ఇంకా ఏడాది నిండని కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. టిఫిన్ దగ్గర ఫోన్లో ఆ పిల్లనే చూసుకుంటూ ఉండేది.

"అక్కా, నా పాప ముందర అమ్మ రోజూ సీరియల్ పెడతది. పాప నా మొహం చూస్తది, మళ్ళీ బొమ్మలు ఆడుకుంటది. వాయిస్ నాది కాదల్లా, ఎట్ల తెలుస్తది?" అంది ఒకరోజు.

ఈ ఒక్క జోల తనే పాడతానని డైరెక్టర్ని బతిమాలింది కూడా. ఆయన నవ్వి, "నీ తెలుగుతోనా తల్లీ! సింగర్ పాడిన ట్రాక్ రెడీగా ఉంది, పెదాలు కలుపు చాలు" అన్నాడు. ఆమె సరేనని తలూపింది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

జోల తీయాల్సిన సాయంత్రం వచ్చింది. ఆ వెలుతురు కాసేపే ఉంటుంది, మర్నాడు యూనిట్ తిరుగు ప్రయాణం. దూలానికి చీర ఉయ్యాల కట్టారు. ఊరి జనంగా నటించడానికి పిలిచిన ఆడవాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు. అందరూ ఆ పల్లెలో కూలికి పోయేవాళ్ళు, ఆదివారం చర్చిలో పాడేవాళ్ళు. చైత్ర ఉయ్యాల మీద చెయ్యి వేయగానే వాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. ఏసమ్మ అనే పెద్దావిడ మనవణ్ణి భుజాన వేసుకుని ముందుకు వచ్చేసింది.

"ఏంది నాయనా, వట్టి ఉయ్యాల ఊపిస్తావా? వట్టి ఉయ్యాల ఊపగూడదు, ఇంట్లో బిడ్డకు మంచిది గాదు. ఆ పిల్ల అసలే పసిబిడ్డ తల్లి."

"తెలుసమ్మా, అందుకే అట్లా రాయించాను. చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరించాలి" అన్నాడు డైరెక్టర్.

చైత్ర నావైపు తిరిగి, "ఏమంట అక్కా?" అంది. ఇంకొకరి మాట ఆమె నోట్లో పెట్టడమే నా పని. చెబితే షాట్ ఆగుతుంది. చెప్పకపోతే రేపు ఎప్పుడైనా తెలిసి ఆ పిల్ల కుమిలిపోతుంది. చెప్పేశాను. చైత్ర ఉయ్యాల వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"సారీ సర్, నేను ఊపను."

డైరెక్టర్ నన్ను చూసిన చూపుకు నేను అక్కడే బూడిద కావాల్సింది. బొమ్మ పెడదామని ఒకరు, దిండు పెడదామని ఇంకొకరు. ఎండ అప్పటికే కొండల మీద వాలిపోతోంది. ఏసమ్మ ఈ తర్జనభర్జన కాసేపు విని, భుజం మీద పిల్లవాణ్ణి దించి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, వాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టింది.

"దెయ్యం ఉయ్యాలమ్మా, భయం లేదా?" అన్నాడు కెమెరామన్, ఆటపట్టిస్తూ.

"దెయ్యమేంది నాయనా! పొద్దున మాతో కూచొని జొన్నరొట్టె తిన్నది గదా ఈ పిల్ల" అంది ఆవిడ.

నాగ్రాలో పాట మొదలైంది. స్పీకరు దెబ్బకు పిల్లవాడు ఉలిక్కిపడి ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు.

"ఆ పెట్టె ఆపండి! బిడ్డ పండుకోవాల్నా వద్దా?" అని ఏసమ్మ గదమాయించింది.

గత్యంతరం లేక డైరెక్టర్ పాట ఆపించాడు. "పాట తర్వాత అతికిద్దాం. పెదాలు కలిసేలా నువ్వు పదాలు ప్రాంప్ట్ చెయ్" అని నాతో చెప్పి మానిటర్ దగ్గర కూర్చున్నాడు. యాక్షన్ అన్నాడు.

ఏడుస్తున్న బిడ్డ మీదికి చైత్ర వంగింది. నేను పల్లవి మొదటి మాట కోసం నోరు తెరిచాను. ఈలోగా ఆమె గొంతులోంచి ఒక కూనిరాగం వచ్చింది. మా పాట కాదు. తెలుగూ కాదు, కన్నడమూ కాదు, అందులో మాటలే లేవు. ఇంటి దగ్గర కూతుర్ని నిద్రపుచ్చే రాగం అయివుంటుంది. ఉయ్యాల ఊగుతోంది. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. మానిటర్ దగ్గర్నుంచి డైరెక్టర్ చెయ్యి ఊపుతున్నాడు, చెప్పు, చెప్పు అని. నేను చూడనట్టే నిలబడి పెదాలు బిగించుకున్నాను. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది. దెయ్యాన్ని చూసి భయపడాల్సిన ఆడవాళ్ళు భయం మరిచిపోయి, తలలు ఒకవైపుకు వాల్చి వింటున్నారు. పొగలో ఎండ ఎర్రబడింది. పిల్లవాడు నిద్రపోయాడు.

కట్ చెప్పడానికి డైరెక్టర్ చాలాసేపు తీసుకున్నాడు. అది కూడా గుసగుసగా చెప్పాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడానికి అందులో మాటల్లేవు సార్."

ఆయన సౌండ్ ఇంజనీర్ వైపు తిరిగాడు. "పైలట్లో ఏమొచ్చింది?"

"ఆ అమ్మాయి గొంతొక్కటే సార్. క్లీన్‌గా ఉంది, ప్రాంప్టింగ్ లేదు."

మాటల్లేని రాగానికి యాస ఎక్కడిది? ఎడిటింగులో ఆ కూనిరాగాన్ని అట్లాగే ఉంచి, దాని తర్వాతే ట్రాక్ పాటను కలిపారు. ఎపిసోడ్ వచ్చిన రోజు ఏసమ్మ ఎవరి ఫోన్లోంచో నన్ను పలకరించి, "మా వాడి కాలొక్కటే పడినాది గదమ్మా, మొహం చూపించకుంటే ఎట్ల?" అని నిష్ఠూరమాడింది. ఆ తర్వాత చైత్ర వీడియో పంపింది, వాళ్ళమ్మ తీసినది. పిల్ల నేల మీద గిన్నెలతో ఆడుకుంటోంది. టీవీలో అత్త పాడింది, మొగుడు పాడాడు, పిల్ల తల ఎత్తలేదు. కూనిరాగం మొదలైంది. గిన్నె వదిలేసి, పాక్కుంటూ టీవీ దాకా వెళ్ళి, దెయ్యం మొహం మీద అరచెయ్యి ఆనించి నవ్వింది.

ఆ వీడియో చూసి నేను బాగా ఏడ్చాను, ఈసారి ఎవరి కోసమూ కాకుండా. ఇప్పుడు ఈ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ఎట్లా చెప్పాలో నేర్పుతూ, ఎక్కడ ఆగాలో కూడా చెబుతున్నాను. ఇన్నేళ్ళలో నా పని టీవీలోకి ఎక్కింది ఆ ఒక్కసారే, అదీ నేను నోరు మూసుకున్నప్పుడు.