నాలుగో మూల పసుపు

తిరుపతిలో ఫ్రేములు కట్టే దుకాణాలకు కొదవ లేదు. కానీ వాళ్ళకు వచ్చిన పని ఒక్కటే, స్వామివారి పటం. మిగతా ప్రపంచమంతా వాళ్ళకు అదే కొలత, అదే జిగురు. నాది పాత మ్యాపు. తెల్లదొరల కాలంలో రాగిరేకు మీద గీత గీతా చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద ఒత్తి తీసిన ఆర్కాటు సీమ మ్యాపు. తడిమితే గీతలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. వాళ్ళ బంక చేతులకు దాన్ని ఇవ్వడానికి మనసొప్పక, ఇంట్లో బల్ల మీదే భద్రంగా పరిచి, కొలత మాత్రం పట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

"ప్లైవుడ్డుకు అంటించేస్తాం సార్. నూరేండ్లు కదలదు."

"జిగురు వద్దయ్యా బాబూ! కాగితం చెడిపోతుంది."

"జిగురు లేకుంటే యెట్ట నిలస్తాది సార్?" అని నన్నే జాలిగా చూశాడు. గోడకు తల కొట్టుకున్నా ఆ గోడకు కూడా జిగురు పూసేట్టున్నాడు. విసుగొచ్చి ఇంటికి బయల్దేరాను.

నాకు ఈ మ్యాపుల పిచ్చి పట్టడానికి మా బావమరిది కారణం. మాది నగరి పక్కన చిన్న నేతగాళ్ళ ఊరు. మరమగ్గాలు వచ్చాక ఒక్కొక్కరే నగరికి పోయి, ఊరు ఖాళీ అయింది. ఇప్పుడక్కడ కంపచెట్లు తప్ప ఏమీ లేవు. ఫోన్లో వెతికితే ఉత్త పచ్చరంగు. పెళ్ళిళ్ళలో కలిసిన ప్రతిసారీ మా వాడు ఫోను తీసి నలుగురికీ చూపించేవాడు. "మా బావ ఊరు యాడా లేదబ్బా! ఏం బావా, ఆకాశంలోనించి ఊడిపడినావా?" అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టేవాణ్ణి కానీ ఒళ్ళు మండిపోయేది.

ఉందని చూపించాలి. అదే పంతం. పాత మ్యాపులు అమ్మేవాళ్ళ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాను. ఎవరి దగ్గర చూసినా చంద్రగిరి కోట, ఆర్కాటు, మద్రాసు. గొప్ప ఊళ్ళను చెక్కడానికి దొరలకు రాగి చాలింది గానీ మా ఊరికి మాత్రం కరువొచ్చింది! చివరికి చెన్నైలో ఒక ముసలి వ్యాపారి కట్ట విప్పితే, కింద కుడి మూలలో, అంచు గీతకు ఆనుకుని, భూతద్దంలో కనిపించింది. మా ఊరి పేరు.

ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను. అమ్మ పుట్టిందీ, మెట్టిందీ ఆ ఊళ్ళోనే. ఇంగ్లీషు రాదు. నా వేలి వెంబడే చూసి, "ఇంత సన్నంగా ఉండాదేమిరా మనూరు?" అంది.

దుకాణం నుంచి తిరిగొచ్చి చూస్తే మ్యాపుకు నాలుగు చోట్ల తడి పసుపు.

"అమ్మా! ఏం జేసినావమ్మా!"

"అరస్తావెందుకురా? గోడకెక్కించే దానికి పసుపు పెట్టకుంటే యెట్ట? మూడు మూలలకు పెట్టినా. నాలుగోది మనూరి మీదనే పెట్టినా. నువ్వే గదా చూపించినావు."

చెన్నై వ్యాపారికి ఫోన్ చేశాను. నీళ్ళు తగలనివ్వొద్దు, ముట్టుకోవద్దు అన్నాడు. ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి, నా కేకలకు భయపడిన అమ్మ బట్టల సబ్బూ తడిగుడ్డా తెచ్చి మా ఊరిని రుద్దుతోంది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో చీర ఉతికిన ప్రతి ఇంటికీ తెలుసు. ఎర్రగా అయిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కాగితం నూగు లేచి, దాంతోపాటు పేరు కూడా గుడ్డకు అంటుకుని వచ్చేసింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఆ పూట ఇద్దరమూ అన్నం తినలేదు.

ఈ సంగతేమీ తెలియని బావమరిది ఆదివారం దిగాడు. మ్యాపు దొరికిన రోజే నేనే గొప్పగా ఫోన్ చేసి పిలిచాను మరి!

"యాడుంది బావా మీ ఊరు?"

వంటింట్లోంచి అమ్మ వచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఎర్రటి మరక మీద వేలు పెట్టింది. "ఇదో, ఈడుండాది."

వాడు వంగి చూశాడు. "ఈడ పేరేమీ లేదు గదత్తా?"

నేను ఇన్నేళ్ళు వెతికింది ఆ పేరు కోసమే కదా.

"పేరుంటే నాకేం తెలస్తాది నాయనా?" అంది అమ్మ, వేలు తియ్యకుండానే. "ఇప్పుడైతే ఎవురన్నా అడిగితే నేనే చూపిస్తా."