పదకొండో తూటా తర్వాత

నా చిన్నప్పుడు, సరిగ్గా నాకు పదేళ్లు నిండిన ఏడాది, కరీంనగర్‌లో జరిగిన సంగతి ఇది. ముందే ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ఒక్క అక్షరం కల్పన ఉన్నా, వేములవాడ రాజన్న గుడిలో నేను ఇన్నేళ్లుగా మొక్కుకుని కట్టిన కోడెలన్నీ తాళ్లు తెంపుకుని వచ్చి నన్ను కుమ్మాలి. నన్నెరిగిన వాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. మానేరు నీళ్లలో మొసలి వీపు మీద కూర్చుని అవతలి గట్టు చేరానని చాలా ఏళ్లు చెప్పుకుని తిరిగినవాణ్ణి. అది వేరు, ఇది వేరు.

మా బాపు చెల్లెలు, అంటే మా మేనత్త, అప్పుడు ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఆమెకు గురిచూసి కాల్చే పిచ్చి పట్టించింది మా పక్కింటి చాచా. ఆయన పోలీసుల తుపాకులు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఊరి రైఫిల్ క్లబ్బులో సభ్యుడు. సొంత రైఫిలుండేది. దాని లైసెన్సూ, తూటాలు ఇంట్లో తయారు చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి కాగితమూ అద్దాల ఫ్రేముల్లో గోడకు వేలాడేవి, పక్కనే మక్కా పటం.

మొదటి మూడు నెలలు ఆయన మా అత్త చేతికి ఒక్క తూటా ఇవ్వలేదు. గోనెసంచి పరిచి బోర్లా పడుకోబెట్టి, ఖాళీ రైఫిల్ గొట్టం చివర ఒక చారానా బిళ్ల పెట్టేవాడు. ఊపిరి సగం వదిలి, ఆపి, మెల్లగా ట్రిగ్గర్ నొక్కాలి. బిళ్ల పడిపోకూడదు. మొదట్లో ప్రతిసారీ పడేది, ఏరి మళ్లీ పెట్టడం నా పని. మూడో నెలకు ఆమె ఎంత కదలకుండా పడుకునేదంటే, ఒకరోజు పిచ్చుక వచ్చి ఆ బిళ్ల మీదే వాలి, ఈకలు సర్దుకుని, తీరిగ్గా వెళ్లిపోయింది. నిజం.

తర్వాత తూటాలు వచ్చాయి. అందులోనూ చాచా ఒక కిటుకు పెట్టాడు. అయిదు నిజం తూటాల మధ్య, మందు లేని ఉత్త తూటా ఒకటి ఆమెకు తెలియకుండా కలిపేవాడు. అది వచ్చినప్పుడు చప్పుడు రాదు కానీ గొట్టం మాత్రం గబుక్కున కిందికి వంగేది. చాచా నవ్వేవాడు. "సూసినవా బిడ్డా? సప్పుడుకు గాదు, సప్పుడైతదన్న బుగులుకు నీ చెయ్యి గుంజుతుంది. బుగులు పోతే గురి దానంతటదే వస్తది." ఏడాది తిరిగేసరికి ఆమెకు ఆ భయం పోయింది.

అయితే మా తాతకు ఇదంతా నచ్చలేదు. చివరికి ఒక షరతు పెట్టాడు. హైదరాబాద్ పోటీలకు క్లబ్బు నుంచి ఒక్కరినే పంపుతారు. ఎంపికైతే కాల్చుకో, లేకపోతే తుపాకీ మాట మళ్లీ ఎత్తకుండా టీచర్ ట్రైనింగ్‌కు పో. మా అత్త సరేనంది. ఆమె ముందున్నది ఆ ఒక్క ఉదయం, ఇరవై తూటాలు.

క్లబ్బు వాళ్లు కాల్చే చోటు ఊరవతల, ఒక రాతి గుట్ట కింద ఉండేది. నన్ను మొదటిసారి అక్కడికి తీసుకుపోయినప్పుడు చాచా ఒక పద్ధతి చెప్పాడు. కాల్చే వరుసలో ఎవరు 'ఆగు' అన్నా అందరూ ఆగాలి. తుపాకీ తెరిచి, తూటా తీసి, కింద పెట్టి, చేతులు వెనక్కి తీసుకోవాలి. ఎందుకని తర్వాతే అడగాలి. "సెక్రటరీ అన్నా ఆగుడే, చప్రాసీ అన్నా ఆగుడే, నీ అసొంటి పోరడన్నా ఆగుడే. గానీ గా మాటతోని ఆటలాడితివా, మల్ల గీ గుట్ట మొఖం సూడనియ్య." నా సంగతి ఆయనకు బాగా తెలుసు. అంతకు వారం ముందే, కలెక్టరాఫీసు గోడ మీద పులి కూర్చుందని వీధి వీధినంతా పరేషాన్ చేశాను.

ఎంపికకు ముందురోజు సాయంత్రం చాచా తన గదిలో తూటాలు నింపుతున్నాడు. ఆ పని ఆయన చేసే తీరు చూడాల్సిందే. ఫ్యాను బంద్, ఎందుకంటే గాలికి త్రాసు ఊగుతుంది. బీడీకట్ట గడప అవతల. నోట మాట ఉండదు. బెజ్జాలు పెట్టిన ఒక చెక్క పలక ఉండేది. కాల్చేసి శుభ్రం చేసిన ఇత్తడి గొట్టాలను అందులో బోర్లా నిలబెట్టేవాడు. ఒక్కొక్కటే తీసి, కంసాలి త్రాసులో తూచిన మందు అందులో పోసి, మళ్లీ నిటారుగా నిలబెట్టేవాడు. బోర్లా ఉన్నది ఖాళీ, నిటారుగా ఉన్నది నిండింది. ఎవరైనా మధ్యలో పలకరిస్తే చేతిలోని మందు తిరిగి డబ్బాలో పోసి మొదట్నుంచి తూచేవాడు. ఒకసారి నాకు ఒక వంకర ఇనుపముక్క చూపించాడు, ఎప్పుడో ఎవరిదో పేలిపోయిన తుపాకీది. "ఒక్కదాంట్ల రెండుసార్లు మందు పడితే గిట్లయితది. గుండు ముందుకు పోతది, ఇనుము ఎన్కకొస్తది. కన్ను పెట్టి సూసేటోని మొఖం మీదికే." యాభై గజాల గురికి తక్కువ మందే చాలు. అందుకని గొట్టంలో సగానికి పైగా చోటు ఖాళీగా ఉండేది. రెండింతలు పోసినా పట్టేంత చోటు.

పన్నెండు నింపాడు. అసర్ నమాజుకు అజాన్ వినిపించింది. పలక మీద ఒక రేకు మూత బోర్లించి, "కోళ్లు రాకుంట సూడు, లోపటికి పోకు" అని నన్ను గుమ్మంలో నిలబెట్టి మసీదుకు వెళ్లాడు.

కోళ్లు రాలేదు. నేను వెళ్లాను. మూత ఎత్తి చూద్దామన్న దాని కంటే ఎక్కువ ఉద్దేశం లేదు. ఎత్తేటప్పుడు అంచు తగిలి నిటారుగా ఉన్న వాటిలో రెండు పడిపోయాయి. పలక కింద పరిచిన గుడ్డ మీద నల్లటి మందు పరుచుకుంది. ఒక పోస్టుకార్డుతో దాన్నంతా కుప్పచేసి, కార్డు మడిచి ఒక గొట్టంలోకి జార్చాను. రెండోదాంట్లోకి సగం పోయాలని అనుకుంటూనే ఉన్నాను, సందులో చాచా చెప్పుల చప్పుడు వినబడింది. ఆ తొందరలో మొత్తం మొదటిదాంట్లోకే పోయింది. రెండోది ఖాళీగా మిగిలింది. ఖాళీది కాబట్టి బోర్లా పెట్టాను. పలక మీద ఏ తప్పూ కనబడలేదు.

చాచా కూర్చుని నిటారువి లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "పదకొండా..." అని గొణిగాడు. కళ్లు నలుపుకున్నాడు. మిగిలినవి నింపాడు. అన్నింటిలోకీ టార్చి వేసి చూశాడు, ఎప్పుడూ చూసేవాడే. కానీ అప్పటికే ఆయన కుడికన్ను మసకబారుతోందని నాకు తెలుసు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒక్కోదానికి గుండు బిగించి ఇరవై తూటాలూ డబ్బాలో పెట్టి మూత వేశాడు. ఇప్పుడు బయట నుంచి చూస్తే ఇరవయ్యూ ఒకటే.

చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే వీపు చిట్లుతుందన్న భయం ఒకటి. అంతకంటే, ఏమీ కాదులే అని నాకు నేనే ఒక కథ చెప్పుకుని నమ్మేశాను. కథలు చెప్పేవాడికి ఉన్న పెద్ద జబ్బు అది.

తెల్లారి గుట్ట కింద మా అత్త గోనెసంచి మీద పడుకుని మొదటి తూటా పెట్టింది. చెంప రైఫిలుకు ఆనించింది. ఆమె కన్నుకూ ఆ ఇనుముకూ మధ్య బెత్తెడు కూడా లేదు. నా కథ అక్కడే చచ్చిపోయింది.

ఒకటి పేలింది. మామూలు చప్పుడే. రెండు. మూడు. ప్రతి చప్పుడుకీ నా ప్రాణం పోయి వచ్చేది. ఒక తూటా తగ్గిందన్న సంతోషం అరక్షణం, మిగిలిన వాటిలోనే అది ఉందన్న బుగులు మళ్లీ. నాలుగో దానికి కాల్చే వరుస వెనక కట్టిన తాడు దాటి వంగి, "అత్తా, తాతకు పానం బాగలేదట, జల్ది రమ్మంటుండు" అన్నాను. ఆమె తల తిప్పలేదు. "పొద్దుగాల రెండు రొట్టెలు తిన్న తాతకేమైందిరా? పో, నీ కథలు ఆడ చెప్పుకో." ఆరో దానికి ఆమె సంచి కింద తేలు ఉందన్నాను. క్లబ్బు సెక్రటరీ నా చెవి పట్టుకుని తాడు అవతల నిలబెట్టాడు. "గీ పోరని నోట్లకెళ్లి నిజం ఎప్పుడన్న వచ్చిందా?" అని పక్కవాళ్లతో నవ్వాడు.

ఎనిమిది. తొమ్మిది. గురి కాగితం మీద గుండ్లన్నీ నల్లటి నడిమి చుక్కలోనే పడుతున్నాయి. వెనక నిలబడిన వాళ్లు గుసగుసలాడుతున్నారు, ఈ పిల్లే పోతుంది హైదరాబాద్ అని. పది. పదకొండు. ఆమె పన్నెండో తూటా లోపలికి తోసి, గడియ మూసింది. ఊపిరి సగం వదిలింది. ఆ సగం ఊపిరి దగ్గర ఆమె ఆగడం నాకు కనబడింది.

"ఆగూ!"

నా గొంతు గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. వరుసలో ఉన్న నలుగురూ తుపాకులు తెరిచారు. తూటాలు తీసి, కింద పెట్టి, చేతులు వెనక్కి తీసుకున్నారు. మా అత్త కూడా. ఎవరూ ఎందుకని అడగలేదు. అంతమంది పెద్దవాళ్లు నా ఒక్క మాటకు అలా నిలిచిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను చెప్పిన ఏ కథకూ అంత బలం లేదు. ఏడుస్తూ మొత్తం చెప్పాను.

సెక్రటరీకి కోపమొచ్చింది. గడియారం చూపించాడు. "టైమ్ నడుస్తుంది. వీని మాట నమ్ముతరా? వీడు పులిని గోడెక్కించినోడు. కానియ్ అమ్మా, ఇంక తొమ్మిదే ఉన్నయి." వేరే తూటాలు తెచ్చుకుని కాల్చే వీల్లేదని కూడా చెప్పాడు. మా అత్త చాచా వైపు చూసింది. మొహమంతా చెమట. "చాచా, వీడు నిజమే చెప్తుండా?"

చాచా నా వైపు చూడలేదు. ముందుకు వచ్చి ఆ తొమ్మిది తూటాలూ ఏరి జేబులో వేసుకున్నాడు. "నిన్న నేను పన్నెండు నింపి పోయిన. వచ్చి సూస్తే పదకొండు. నా కన్ను మీద అనుమానపడ్డ గానీ పలక మీద పడలే. పనిల ఉండి లేసిపోవుడు నాది తప్పు. లేసినోన్ని, వచ్చినంక అన్నీ పారబోసి మొదటి నుంచి నింపకపోవుడు ఇంకా తప్పు. లే బిడ్డా." ఆమె కాసేపు అలాగే పడుకుని ఉంది. తర్వాత లేచి, గోనెసంచి దులిపి, మడిచింది.

ఇంటికొచ్చాక చాచా నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కో తూటా గుండు ఊడదీసి మందు కాగితం మీద పోశాడు. ఒక కుప్ప, ఇంకో కుప్ప, అన్నీ ఒకటే ఎత్తు. ఆరోది పోసేసరికి కుప్ప పెద్దదైంది. త్రాసులో పెట్టాడు. సరిగ్గా రెండింతలు. ఏది ఎన్నోదో ఎవరికీ తెలియదు. పన్నెండోది అదే కావచ్చు, ఇరవయ్యోది కావచ్చు. కొడతాడేమోనని తల వంచుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు.

తర్వాత గోడ మీది నుంచి మా తాతను పిలిచి, "భాయ్, నా కన్ను మసకైంది. తూటాల మందు ఎక్కువైంది. తప్పు నాదే, పిల్లలనేమీ అనకు" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. మా అత్త కూడా ఎత్తలేదు. గుట్ట కింద నేను చెప్పింది క్లబ్బు వాళ్లకు నా ఇంకో కోతే, తాత దాకా రాలేదు. మా తాతకు ఒళ్లు మండింది. "నీ గుడ్డితనానికి నా బిడ్డ కన్ను పోతుండె గదా!" అని అరిచి, ఇక తుపాకీ ఆట బంద్ అన్నాడు.

ఆ సాయంత్రం నేను మా తాత ముందుకెళ్లి నిలబడ్డాను. మందు ఒలికించింది నేనే, చాచాది ఏ తప్పూ లేదు అని చెప్పాను. నాలుగు దెబ్బలు పడ్డాయి, కానీ తాత మనసు కరిగింది. మరుసటి ఏడు మా అత్త మళ్లీ ఆ గుట్ట కింద పడుకుంది. పది గుండ్లు కాల్చితే కాగితం మీద ఒక్కటే బొక్క. మిగతా తొమ్మిదీ గురి తప్పి ఎటో పోయాయని సెక్రటరీ వాదిస్తే, వెనక మట్టికట్ట తవ్వించారు. పదీ ఒకదాని వెనక ఒకటి బారుగా దొరికాయి. అలా హైదరాబాద్ వెళ్లింది.

ఆ రోజు నుంచి నాతో ఉండిపోయింది ఆ ఒక్క మాట. నేను ఇప్పటికీ కోతలు కోస్తాను, మానను. కానీ 'ఆగు' అనే మాటను అబద్ధానికి ఎప్పుడూ వాడలేదు. మనవలతో దొంగాపోలీసు ఆడేటప్పుడు కూడా నా నోటికి రాదు. నేను ఆగు అంటే మా ఇంట్లో అందరూ ఉన్నచోటే నిలబడతారు, ఎందుకని తర్వాత అడుగుతారు.

ఇక ప్రమాణం చేశాను కాబట్టి, కోడెలకు భయపడి ఒకటి ఒప్పుకోవాలి. మా తాత ముందు నిలబడ్డానని రాశానే, అది నేను కట్టిన కథ. నిలబడలేదు. గుట్ట కింద ఆగు అన్నవాణ్ణి, ఇంట్లో 'నేనే' అనలేకపోయాను. మా తాత చచ్చేదాకా చాచాను గుడ్డోడనే తిట్టాడు, చాచా పడ్డాడు. మరుసటి ఏడు అనేది లేదు. మా అత్త టీచర్ ట్రైనింగ్‌కు పోయింది, ఆసిఫాబాద్‌లో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. మళ్లీ రైఫిల్ ముట్టలేదు.

మొన్న వాళ్లింటికి పోయినప్పుడు, పిల్లలు అడిగితే ఈ కథ చెప్పాను. మరుసటి ఏడుతో సహా, పది గుండ్లు ఒక్క బొక్కతో సహా. మా అత్త పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. బయటపెడుతుందేమోనని ఓరకంట ఆమె వైపే చూస్తున్నాను. ఆమె తలెత్తకుండానే అంది:

"పదీ గాదురా. తొమ్మిదే. పదోది జర ఎడమకు పోయింది."