పంతొమ్మిదో ప్రశ్న

మొన్న మడికొండలో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో ఆరోగ్యాల మీద పరిశోధన చేస్తోందట. పాత రోజుల్లో వరంగల్‌లో జబ్బుల సర్వేలు రాసినవాళ్లు ఇంకా ఎవరైనా మిగిలారా అని వెతుక్కుంటూ నా దాకా చేరింది. చాయ్ తాగింది, మా ఆవిడ పెట్టిన సకినాలు రెండు తిన్నది, ఆ తర్వాత మెల్లగా అడిగింది. "తాతా, అప్పటి కాయితాలన్ని చూసిన. మగోళ్లతోని సంబంధమున్న మగోళ్లు ఈ ఊర్ల ఒక్కలు గూడ లేరని రాసున్నది. నిజంగనే లేకుండెనా?" నాకు ఒళ్లు మండింది. "ఎందుకు లేరమ్మా? మనుషులున్న ఊరు కాదా ఇది?" అని గట్టిగానే అరిచాను. ఆ పిల్ల బిత్తరపోయి చేతిలో ఉన్న మూడో సకినం పళ్లెంలో పెట్టేసింది. నా కోపం తన మీద కాదని ఆమెకెలా తెలుస్తుంది? టీవీలో పెద్దమనుషులు కూర్చుని, ఇవన్నీ మన దగ్గర ఎన్నడూ లేవు, పైదేశాల నుంచి వచ్చాయి అన్నప్పుడల్లా నేను ఇట్లాగే అరుస్తాను. లేవనడానికి వాళ్ల దగ్గరున్న సాక్ష్యమేమిటి? కాయితం. ఆ కాయితం మీద లేదని రాసినవాణ్ణి నేను.

నేను బడికి పోయింది ఐదో తరగతి వరకే. మిగతా చదువంతా కిరాణా దుకాణంలో బెల్లం చుట్టిచ్చిన పేపర్ల మీద, స్టేషన్ దగ్గర ఒక డాక్టరుగారి దగ్గర కంపౌండరుగా చేరాక మందుల డబ్బాల మీద సాగింది. నాకు నోటికి వచ్చిన మొట్టమొదటి ఇంగ్లీషు వాక్యం 'షేక్ వెల్ బిఫోర్ యూజ్'. దాని అర్థం తెలిశాక, మా డాక్టరుగారిని పొద్దున్నే లేపడానికి కూడా అదే పద్ధతి అని నవ్వుకునేవాణ్ణి. చదువు తక్కువైనా చేతిరాత మాత్రం ముత్యాలే. డిగ్రీలు చదివినవాళ్లు కోడి గీకినట్టు రాస్తుంటే నా రాత చూసి నేనే మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెమే నన్ను ముంచింది.

ఎనభైలు సగం దాటిన రోజులవి. హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ సుఖవ్యాధుల మీద పరిశోధన కోసం వచ్చింది. బొంబాయిలో, మద్రాసులో కొత్త జబ్బొకటి బయటపడిందనీ, దానికి మందు లేదనీ, రాకుండా చూసుకోవడం ఒక్కటే మందనీ చెప్పేది. అది ఊళ్లోకి రాకముందే ఎవరికి ఏం అవసరమో తెలుసుకోవాలని ఆమె తపన. ఊరి మగవాళ్లతో మాట్లాడి ఫారాలు నింపడానికి మా డాక్టరుగారు నన్ను అప్పగించారు. ఫారంలో పంతొమ్మిది ప్రశ్నలు. పేరుండదు, నంబరు మాత్రమే. మనుషుల ముందు పెన్సిలుతో రాసుకోవాలి, ఇంటికి వచ్చి తీరిగ్గా సిరాతో దిద్దాలి. పద్దెనిమిదో ప్రశ్న పుండ్లూ మంటలూ ఏమైనా ఉన్నాయా అని. పంతొమ్మిదోది మగవాళ్లతో సంబంధం ఉందా అని. ఈ రెంటిలో దేనికి ఉందన్నా ఆ నంబరు మీద మా క్లినిక్‌కు ఒక చీటీ వస్తుంది. ఆ చీటీ పట్టుకుపోతే దవాఖానాలో పేరడగరు, ఊరడగరు. పరీక్ష చేస్తారు, పుండుకు సూదులు వేస్తారు, నిరోధ్ ఇస్తారు, కూర్చోబెట్టి నాలుగు మాటలు చెబుతారు. కాశిబుగ్గలో నేతపనివాళ్ల షెడ్డులో అందర్నీ పోగుచేసి డాక్టరమ్మ ఇదంతా విడమరిచింది. "పంతొమ్మిదో ప్రశ్నకు సిగ్గుపడకండి. మీరు చెప్పింది రాయడమే ఈయన పని. ఇంకేమీ కాదు" అని నన్ను చూపించింది.

నేను ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. ఒక్కరినంటే ఒక్కరిని. పద్దెనిమిదయ్యాక నోరు మూసుకుని 'లేదు' అని గీసేవాణ్ణి. మీసాలున్న మనిషిని పట్టుకుని అదేం ప్రశ్నని నా అభిప్రాయం. అంత చదివిన డాక్టరమ్మకు లోకజ్ఞానం లేదని ఆమె వెనుక నవ్వాను కూడా.

మా అక్కను ఇచ్చింది ఆ కాశిబుగ్గలోనే. బావ జంపఖానాలు నేసేవాడు. నల్లగా, బక్కగా ఉండేవాడు. మగ్గం మీద ఆయన కలిపిన ఎరుపూ పసుపూ చూసి షావుకార్లు కూడా బేరం మరిచిపోయేవాళ్లు. నోరు తెరిస్తే పరాచికమే. నన్ను 'డాక్టర్ సాబ్' అనేవాడు. ఇంటికి పోతే "అగో, సూదొచ్చింది, దాసుకోండ్రి" అని వాడకట్టంతా వినపడేలా కేకేసేవాడు. అక్కను ఒక్క మాట అనగా నేను వినలేదు. ఆ రోజు షెడ్డులో అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, చివరికి వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"వయసెంత బావా?"

"మీ అక్కనడుగు. నన్ను రోజు ముసలోడంటది."

"తాగుతవా?"

"పోయిస్తవా?"

అట్లా నవ్వుతూ నవ్వుతూనే పదిహేడు ప్రశ్నలు గడిచాయి. పుండు సంగతి దగ్గర నేనే తొందరపడి, లేదు గదా అని గీసేశాను. పంతొమ్మిదోదానికి అలవాటుగా పెన్సిలు ఆనించబోతుంటే బావ వేలు వచ్చి కాయితం మీద పడింది. "ఇంకోటున్నది గద. పంతొమ్మిదన్నది డాక్టరమ్మ. పద్దెనిమిదే అయినయి." పోగులు లెక్కపెట్టే మనిషి దగ్గర ఒక ప్రశ్న దాచగలమా? నేను మింగలేక కక్కలేక చూశాను. ఆయన మొహంలో నవ్వు లేదు. "ఉన్నదని రాయి. పుండు గూడ ఉన్నది, అదీ రాయి. నాకు చీటి గావాలె."

"బావా, జర సోంచాయించు..."

"శాన సోంచాయించిన. బయటోడైతె నవ్వుతడు. నువ్వు మనోడివి. రాయి తమ్మీ."

ఎప్పుడూ డాక్టర్ సాబ్ అనో బామ్మర్దీ అనో పిలిచేవాడు, ఆ ఒక్కసారే తమ్మీ అన్నాడు. నేను పెన్సిలుతో దిద్దాను. పద్దెనిమిది, ఉంది. పంతొమ్మిది, ఉంది. ఆయన వంగి చూశాడు. చదువు రాకపోయినా రెండు చోట్లా గీతలు ఒక్క తీరుగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. లేచి చొక్కా దులుపుకుని, మళ్లీ మామూలు మనిషై, "ఇగ సూది దాసుకో" అని పోయాడు.

ఇంటికి వచ్చి సిరా బుడ్డి తెరిచాను. అక్క మొహం గుర్తొచ్చింది. మా అమ్మ గుర్తొచ్చింది. నంబరే గదా, పేరు లేదు గదా అని మనసుకు చెప్పుకున్నాను. కానీ ఆ నంబరు ఎవరిదో నాకు తెలుసు. నాకు తెలియకూడదనిపించింది. రబ్బరు తీసుకుని రుద్దాను. రుద్దిన చోట 'లేదు' అని సిరాతో, నా ముత్యాల రాతలో, రెండుసార్లు రాశాను. అక్క కాపురం కాపాడానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

కాయితాలు ఇచ్చినప్పుడు డాక్టరమ్మ ఒక ఫారం దగ్గర ఆగి, వేలితో తడిమి, "ఇక్కడ కాయితం పలచబడిందేం?" అన్నది. తప్పు పడితే దిద్దానమ్మా అన్నాను. ఆమె తలూపి, "మీ ఫారాలే అన్నిటికంటే నీటుగా ఉన్నాయి" అని మెచ్చుకున్నది. ఆ మెచ్చుకోలు వారం రోజులు కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను, సిగ్గులేక.

తర్వాత బావ రెండుసార్లు క్లినిక్‌కు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "చీటి వచ్చిందా?" అనేవాడు. ఇంకా రాలేదు బావా అనేవాణ్ణి. చేతికందేంత దూరంలో అలమారా నిండా పెన్సిలిన్ సీసాలు ఉన్నాయి. మందులిచ్చే మనిషిని నేను. ఆ పుండు సంగతి నాకు తెలుసని ఒప్పుకుంటే తక్కినది కూడా ఒప్పుకోవాల్సి వస్తుందని ఊరుకున్నాను. మూడోసారి ఆయన రాలేదు. ఇక్కడ మగ్గాలు మూతపడుతున్నాయని వాడకట్టులో చాలామంది లాగే బొంబాయి దగ్గరి భివండి పోయాడు.

నాలుగేళ్లకు తిరిగొచ్చాడు. రైలు దిగిన మనిషిని నేను గుర్తుపట్టలేదు, ఆయనే "డాక్టర్ సాబ్" అన్నాడు. దవాఖానాలో క్షయ అని రాశారు. రాసినవాళ్లు ఏమీ అడగలేదు, చెప్పవలసిన నేను చెప్పలేదు. మంచం పక్కన గ్లూకోజు ఎక్కిస్తుంటే కళ్లు తెరిచి, "బామ్మర్దీ, చీటేమన్న వచ్చిందా?" అని నవ్వాడు. నేను సూది సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. ఆ వారంలోనే పోయాడు. ఆ జబ్బేనా, కాదా? ఎవరూ పరీక్ష చేయలేదు. నేను తిట్టని డాక్టరు లేడు, తిట్టని సర్కారు లేదు. ఇన్నేళ్లూ తిడుతూనే ఉన్నాను. తిట్టేవాణ్ణి ఎవరూ అనుమానించరు.

అమ్మాయి వెళ్లాక నాకు అన్నం సహించలేదు. తెల్లారి ఆటో ఎక్కి కాశిబుగ్గ పోయాను. అక్కకు ఎనభై దాటాయి. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మొత్తం చెప్పాను, రబ్బరుతో సహా. ఆమె చేతులు ఆగలేదు. ఈనె తీస్తూనే అన్నది.

"మీ బావను నీ తానికి తోలింది నేనే గదరా."

ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

"పెండ్లయిన ఏడాదికే నాతోని జెప్పిండు. మంచోడు, దాసలే. తమ్ముడు రాస్తాండట, పోయి చెప్పు, వాడు మనోడు అని నేనే అన్న. చీటి వచ్చి, దవాఖానల చూపెట్టుకొని, మంచిగున్నవని వాళ్లన్నంకనే నీ పక్కలకొస్త అన్నడు. చీటి రాలే. మనిషీ రాలే." చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేసింది. "ఆ మాట మీద నిలబడి నన్ను బతికిచ్చిండు. నువ్వు గాదు."

కొట్టి ఉంటే బాగుండేది. అక్క కొట్టలేదు. చాయ్ పెట్టమంటవా అని అడిగింది.

సాయంత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పాత కాయితాల్లో పంతొమ్మిదో ప్రశ్నకు ఒకరు ఉన్నారని దిద్దుకోమన్నాను. అడగకుండా వదిలేసిన వాళ్లలో ఎందరున్నారో నాకు తెలియదని చెప్పి, ఆ మాట కూడా రాసుకోమన్నాను. "ఆ కాయితాలు ఇప్పుడు మార్చరాదు తాతా. మీరు చెప్పింది మాత్రం పక్కన రాసి పెడ్త" అన్నది. మేమైతే ముందు పెన్సిలుతో రాసుకుని, ఇంటికి వచ్చాక సిరాతో దిద్దేవాళ్లం. కాలానికి పెన్సిలు పట్టే అలవాటు లేదు, మొదటే సిరాతో రాస్తుంది.