మా మేనత్త నాలుగు రోజుల పథ్యం

మా ముత్తాతగారికి దివిసీమలో రెండు వందల ఎకరాల మాగాణి ఉండేది. మా తాతగారు గ్రామ మునసబు. ఆయన అరుగు మెట్టు దగ్గర కరణంగారు కూడా చెప్పులు విడిచేవారు. మా నాన్నగారు బందరు కాలేజీలో చేరి, చదువు పూర్తిచేసే తీరిక లేక, ఒక నాటక సమాజానికి అధ్యక్షులుగా స్థిరపడ్డారు. మా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరుగారే బందరు నుంచి బయలుదేరి, కృష్ణ మీద పడవ దాటి వచ్చేవారు. మేము డాక్టరు దగ్గరికి వెళ్ళడమన్నది మా ఇంటి చరిత్రలో లేదు. ఇవేవీ తెలియని ఒకావిడ ఈ ఉదయం గుడివాడ ల్యాబులో నన్ను ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, "పరగడుపునేనాండీ? నిజం చెప్పండి, రిపోర్టు తేడా వస్తే డాక్టరుగారు నన్నంటారు" అంది. నాకు నవ్వాగలేదు. సూది గుచ్చుతుంటే నవ్వే మనిషిని ఆవిడ అంతకుముందు చూసినట్టు లేదు. నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

మా మేనత్త నాన్నగారికి అక్క. పిల్లలు లేరు. మావయ్యగారు పోయాక పన్నెండేళ్ళు గుడివాడలో మా దగ్గరే ఉంది. మాది రెండు గదుల అద్దె వాటా. ఆవిడ మాత్రం దాన్ని "మన మకాం" అనేది. ఎక్కడ కూర్చున్నా వీపు దేనికీ ఆనించేది కాదు. బస్సులో సీటు వెనక్కి ఆనుకోవడం కూడా ఆవిడ దృష్టిలో ఒక రకమైన లొంగుబాటే. అలాంటి మనిషికి డెబ్బై ఎనిమిదో ఏట షుగరు బయటపడింది. గుడివాడలో వీధికి నలుగురు డాక్టర్లున్నారు. మా అత్తయ్య ఒప్పుకోలేదు. "ఇక్కడ మనమెవరమో ఎవరికి తెలుసురా? బందరైతే పేరు చెప్పగానే కుర్చీ వేస్తారు" అంది. సరేనని పాసింజరు రైలెక్కి బందరు వెళ్ళాం. పేరు చెప్పాం. కౌంటరులో ఉన్నావిడ తలెత్తకుండా నలభై మూడో నంబరు టోకెను చేతిలో పెట్టింది. రెండు గంటల తర్వాత "నలభై మూడూ!" అని మూడుసార్లు కేకేసినా మా అత్తయ్య లేవలేదు. "నాకో పేరుందమ్మాయ్" అంది. ఆ మాట గది లోపలికి వినపడి డాక్టరమ్మే బయటికొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. తండ్రి, అన్నలు ఇప్పటికీ వేటకి వెళ్తారు. ఒడ్డున నిలబడి పిలిస్తే పడవలో వాళ్ళకి వినపడే గొంతు. ఆ గొంతుతోనే, "అమ్మమ్మగారూ, మీ పేరేంటో లోపలికొచ్చి చెప్తే రాసుకుంటాను. నంబరు చింపేద్దాం" అంది. మా అత్తయ్య ప్రసన్నురాలైంది.

ఇక అక్కణ్ణుంచి మూడు నెలలకోసారి బందరు ప్రయాణం. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి రక్తం తీసేవారు. రెండేళ్ళపాటు ప్రతిసారీ మా అత్తయ్య రిపోర్టు కడిగిన ముత్యం. "అందరూ మీలా ఉంటే నేను ఆస్పత్రి మూసుకుని వలలు అల్లుకోవాలండీ" అని డాక్టరమ్మ మెచ్చుకునేది. అసలు సంగతి ఇంట్లో నాకూ మా ఆవిడకీ తెలుసు. బందరు వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు నుంచి మా అత్తయ్య కటిక పథ్యం మొదలుపెట్టేది. గ్లాసు మజ్జిగ, గుప్పెడు పెసలు, అంతే. పరీక్ష అయి రైలెక్కడానికి ముందే స్టేషను దారిలో ఆపించి బందరు లడ్డు కొనిపించేది. ఇంటికొచ్చాక మిగతా ఎనభై ఆరు రోజులూ పప్పులో నెయ్యి, పెరుగన్నంలో మామిడిపండు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "పరీక్షకి తయారవకుండా వెళ్ళేవాళ్ళుంటారురా? పరాయివాళ్ళ ముందు మనం తప్పడమా?" అంది. నాకూ ఆ మాట సబబుగానే తోచిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. డాక్టరమ్మకి చెప్పొచ్చు. కానీ ఇంటి గుట్టు బయట చెప్పడం మాకు పుట్టుకతో రాలేదు.

మూడో వేసవిలో శ్రీకాకుళం వెళ్ళాం, మా కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళమే. మిట్టమధ్యాహ్నం ఆంధ్ర మహావిష్ణువు గుడి చుట్టూ ప్రదక్షిణం. బండలు పెనంలా కాలుతున్నాయి. జనం నీడ కోసం గంతులు వేస్తున్నారు, నేనూ వేశాను. మా అత్తయ్య మాత్రం నిటారుగా, తొందరలేకుండా, మూడు ప్రదక్షిణలూ పూర్తిచేసింది. "ఆ పెద్దావిడ భక్తి చూడండి" అని ఎవరో అన్నారు. నాకు ఛాతీ పొంగింది. సాయంత్రం ఇంట్లో ఆవిడ నడిచిన చోటల్లా గచ్చు మీద తడి అడుగులు పడుతుంటే, కాళ్ళు కడుక్కుని వచ్చిందనుకున్నాను. మా ఆవిడ వంగి చూసి గుండె బాదుకుంది. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి చితికిపోయాయి. కుడి బొటనవేలి కింద తోలు ఊడి వచ్చింది. "నొప్పి లేదేమిటే?" అని మా అత్తయ్య ఆశ్చర్యపోయింది. అది భక్తి కాదు. కాళ్ళకి స్పర్శ పోయింది.

బందరులో డాక్టరమ్మ మా అత్తయ్య పాదాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ రోజు కొత్త పరీక్ష రాసింది. గడిచిన మూడు నెలల్లో ఒంట్లో షుగరు సగటున ఎంత ఉందో చెప్పే పరీక్ష అది. నాలుగు రోజుల పథ్యానికి లొంగేది కాదు. రిపోర్టు వచ్చాక కాగితం బల్ల మీద పెట్టి, "అమ్మమ్మగారూ, ఇది మీదేనా? ఇంకెవరిదో కలిసిపోయిందా?" అంది. మా అత్తయ్య గోడ మీద క్యాలెండరు చూస్తోంది. "పుండు ఎముక దాకా పోతే వేలు తీసెయ్యాలి. అక్కడితో ఆగకపోతే పాదం. నాకు నిజం కావాలి" అని డాక్టరమ్మ ఈసారి నా వైపు తిరిగింది. నా అరవయ్యేళ్ళ జీవితంలో అంత కష్టమైన వాక్యం ఇంకోటి చెప్పలేదు. "ప్రతిసారీ నాలుగు రోజుల ముందు నుంచి పథ్యం చేసి వస్తుందండీ" అన్నాను. మా అత్తయ్య చూసిన చూపుకి మా తాతగారైతే మునసబీ వదిలేసేవారు.

డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను. ఒక్క క్షణం నోరు తెరిచి, పకపకా నవ్వింది. ఆ గొంతుతో నవ్వితే వరండాలో రోగులంతా తొంగిచూశారు. "రెండేళ్ళు! ఈ పరీక్ష నేను మొదటి రోజే రాయాల్సింది. మీరు కూర్చునే తీరు చూసి, ఈవిడ పథ్యం తప్పే మనిషి కాదని నమ్మేశానండీ. తప్పు నాది కూడా."

మా అత్తయ్య నెమ్మదిగా అడిగింది. "వేలు ఉంటుందా అమ్మాయ్?"

"నాకు అబద్ధం చెప్పనంటే ఉంచడానికి చూస్తాను. లడ్డు తింటే తిన్నానని చెప్పండి. దానికి తగ్గ మందు నేనిస్తాను. తినలేదంటే మాత్రం నేనేం చెయ్యను?"

"మా ఇంట్లో అబద్ధమాడినవాళ్ళు లేరు" అంది మా అత్తయ్య అలవాటుగా. అన్నాక తనకే వినపడినట్టుంది. పెదవి బిగపట్టి, ఆపుకోలేక నవ్వేసింది. ఆవిడ వీపు కుర్చీకి ఆనడం అదే మొదటిసారి చూశాను.

ఆ మర్నాటి నుంచి నిజం చెప్పడం మా అత్తయ్యకి వంశగౌరవమైపోయింది. ప్రతి సాయంత్రం నా ఫోను తీసుకుని బందరు ఆస్పత్రి నర్సుకి విన్నవించేది. "ఈవాళ ఒక అరటిపండు. సగమని రాయకు, మొత్తం తిన్నాను." నర్సు నవ్వితే, "నవ్వు తర్వాత, ముందు రాసుకో" అనేది. ఇంట్లో చెప్పులు వేసుకోవాలంటే మొదట ససేమిరా అంది. చివరికి దేవుడి గూటి దాకా అన్న ఒప్పందానికి దిగింది. వారానికోసారి కట్టు. తోలు గులాబీ రంగులో అంచుల నుంచి లోపలికి పాకడం డాక్టరమ్మ అద్దం పట్టి ఆవిడకే చూపించేది. నాలుగో నెలలో కట్టు విప్పేసింది. వేలు నిలిచింది. ఆ రోజు వరండాలో ఈ చివర నుంచి ఆ చివర దాకా మా అత్తయ్య చెప్పులతో నడిచి చూపిస్తే, కూర్చున్న రోగులు చప్పట్లు కొట్టారు. కౌంటరులో ఆవిడ కూడా తలెత్తి చూసింది.

ఒక్క చిక్కు మిగిలింది. కొలత ప్రకారం పూటకి ఒక గిన్నెడు అన్నమే. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఇంటి పెద్ద తినే వెండి కంచం ఆవిడదే, తాంబాళమంత వెడల్పు. గిన్నెడు అన్నం దాని మధ్యలో పెడితే, "పిండం పెట్టినట్టుందిరా, నేనింకా బతికే ఉన్నాను" అనేది. చిన్న స్టీలు కంచంలో పెడితే నిండుగా కనపడింది, తృప్తిగా తింది. వెండిది మళ్ళీ అల్మారాలోకి ఎక్కనివ్వలేదు. "ఇది కళ్ళబడితే ఇంకాస్త వడ్డించమంటుంది" అంది. తర్వాతి నెల బందరు వెళ్ళినప్పుడు ఆవిడే సంచిలో పెట్టుకుని తెచ్చింది. ఆవిడ తొంభయ్యో ఏట, పది వేళ్ళతోనూ వెళ్ళిపోయింది. కంచం మాత్రం ఆవిడ సంచిలో తెచ్చిన రోజే బందరు వెండి కొట్లో అమ్మేశాం. నాలుగు తరాలు అన్నం తిన్న కంచాన్ని తూచడానికి వాళ్ళకి రెండు నిమిషాలు పట్టింది.