గుండీ మెట్లెక్కాలి

టైలరు మాస్టారికి హుషారు వచ్చిందంటే వీధి మొత్తానికి తెలియాల్సిందే. కొత్త కుట్టుమిషను కొన్న రోజున దారినపోయేవాళ్లందరినీ కొట్లోకి పిలిచి, "వినండి, అసలు చప్పుడే లేదు!" అని లేని చప్పుడును వినిపించిన మనిషాయన. పొట్టిగా, చురుగ్గా ఉంటాడు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. ఆ సూదులు తియ్యకుండానే లోకంలోని కబుర్లన్నీ చెప్పగలడు. ఇంతవరకూ ఒక్క సూదీ మింగలేదంటే అది ఆయన అదృష్టమే.

చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే అక్క పెంచింది. అప్పట్లో ఆవిడ ఇల్లిల్లూ తిరిగి ఇస్త్రీ చేసి తమ్ముణ్ణి పెద్దవాణ్ణి చేసింది. ఇప్పుడు తమ్ముడు కుట్టినవాటికే ఇస్త్రీ చేస్తోంది. కింద కొట్టు, దాని వెనక ఓ చిన్న గది, పైన కాపురం. ఇద్దరిలో ఎవరూ పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "ఊళ్లోవాళ్ల పెళ్లిబట్టలు కుట్టేసరికే మా పుణ్యకాలం కాస్తా గడిచిపోయిందండీ" అని నవ్వేస్తాడు మాస్టారు.

ఆ ఇంట్లో మూడో మనిషి గుండీ. కుక్క అంటే అక్క ఊరుకోదు. ఓ వానరోజు కొట్టు ముందున్న గుడ్డపీలికల సంచిలో దూరి వణుకుతూ దొరికాడు. చొక్కా గుండీ అంత ఉన్నాడని ఆ పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్లు ముందుచూపు లేకుండా పెట్టారు, ఎందుకంటే ఇప్పుడు వాణ్ణి చూస్తే పరుపు అని పిలవాలనిపిస్తుంది.

అలా అవడంలో అందరి చెయ్యీ ఉంది. అక్క చేతికి ఎముక లేదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు బిస్కెట్లు, పెళ్లిబట్టలు పట్టుకెళ్లడానికి వచ్చినవాళ్లు కేకులు పెట్టేవాళ్లు. ఇక మాస్టారి ఘనకార్యం వేరు. వాడి చలికోటు బిగుతైనప్పుడల్లా పక్కకుట్లు విప్పి వదులు చేశాడు. ఎన్నిసార్లు విప్పాడో ఆయనకే గుర్తులేదు. బట్ట బిగుతైతే వదులు చెయ్యాలన్నది ఆయన చేతులకు తెలిసిన న్యాయం. లోపలున్నవాడు ఎందుకు పెరుగుతున్నాడని ఆయన బుర్రకు తట్టనే లేదు.

ఒక పొద్దున గుండీ మేడమెట్లు సగం ఎక్కి కూలబడ్డాడు. పైకి చూస్తాడు, కిందికి చూస్తాడు, కుయ్యోమంటాడు. మాస్టారు ఎత్తుకోబోతే ఆయన నడుము పట్టేసింది. అక్క ఇస్త్రీపెట్టె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరినీ కిందికి దింపడానికి ఆవిడకు తలప్రాణం తోకకొచ్చింది.

పశువుల డాక్టరమ్మ వయసులో చిన్నదే అయినా మాటలో మెత్తదనం లేని మనిషి. గుండీ మోకాళ్లు నొక్కి చూసి, "మాస్టారూ, వీడి బరువు తగ్గకపోతే వెనక కాళ్లు పడిపోతాయి. ఆ తర్వాత మీరు నా దగ్గరికొచ్చి ఏడ్చినా నేను చెయ్యగలిగిందేమీ ఉండదు" అంది.

అక్క అక్కడే కళ్లొత్తుకుంది.

ఇక చూడాలి ఆయన హడావుడి! కుక్కల తిండి అమ్మే కొట్టుకెళ్లి రంగురంగుల సంచీలన్నీ దింపించి, గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్లతో నలిపి చూశాడు. పక్క సెలూనతను పచ్చిమాంసం పెట్టమన్నాడు. ఎదురింటి పెద్దాయన అసలు మాంసమే వద్దన్నాడు. రోజంతా పస్తుంచితే అదే దారికొస్తుందంది ఒక ఇల్లాలు. అక్క ఆవిడ వైపు చూసిన చూపుకి ఆవిడ మళ్లీ నోరెత్తలేదు. మాస్టారికి అందరి మాటా నిజమనిపించి, రాత్రికి రాత్రి మూడు రకాల తిండి కొనాలనిపించి, చివరికి డాక్టరమ్మ కాళ్లమీద పడ్డంత పని చేశాడు.

ఆవిడ తేల్చేసింది. బరువు తగ్గడానికి తయారుచేసిన ఎండుగుళికలు తినిపించాలి. పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ మెల్లగా మార్చాలి. పైన ఉడికించిన క్యారెట్టు, బీన్సు, ఉప్పు లేకుండా. బిస్కెట్లు, కేకులు బంద్. ఉల్లిపాయ, చాక్లెట్ అయితే వాడి ముక్కు దగ్గరికి కూడా రాకూడదు. "అన్నిటికంటే ముఖ్యం కొలత. పొద్దున ఈ కప్పుతో ఒకటి, సాయంత్రం ఒకటి" అంది.

కొలత అన్నమాట చెవినపడగానే మాస్టారు కుర్చీలోంచి లేచాడు.

"కొలతా? డాక్టరమ్మా, ఆ ఒక్కటీ నాకొదిలేయండి! నేను పుట్టిందే అందుకు!"

ఆ రోజునుంచి కప్పు ఆయన తప్ప ఎవరూ ముట్టడానికి వీల్లేదు. కొట్టు గుమ్మంలో 'గుండీకి ఏమీ పెట్టరాదు' అని బోర్డు. బిస్కెట్టుతో వచ్చినవాళ్ల బట్టలు ఆలస్యమవుతాయని బెదిరింపు. గుండీ క్యారెట్టు ముక్కల్ని మొదట్లో అవమానంగా చూసినా, తర్వాత కరకరలాడించడం మొదలెట్టాడు. మాస్టారి కాళ్లు నేలమీద ఆనలేదు.

కానీ డాక్టరమ్మ దగ్గర తూచినప్పుడల్లా ముల్లు ఉన్నచోటే ఉంది. ఒకసారి ఇంకాస్త ముందుకే జరిగింది. కాళ్లు ఈడ్వడం కూడా మొదలైంది.

ఇంట్లో ఎవరో దొంగచాటుగా పెడుతున్నారు, సందేహం లేదు. ఆ ఇంట్లో ఎవరో అంటే ఎంతమందున్నారు గనక?

మధ్యాహ్నం ముగ్గురూ కలిసి వెనకగదిలోనే తినడం అలవాటు. ఈమధ్య అక్క, "నువ్వు కానియ్, నాకింకా ఆకలవలేదు" అంటోంది. ఆ తర్వాత పళ్లెం మీద మూత పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా మేడమీదికి పోతోంది. పైన ఏదో దాస్తోంది, అదను చూసి కిందికి తెచ్చి వాడికి పెడుతోంది అనుకున్నాడు మాస్టారు. ఒకరోజు చేతిలో కత్తెరతోనే మెట్లన్నీ ఎక్కి తలుపు తోశాడు.

"దొరికావక్కా! ఏం పెడుతున్నావు వాడికి?"

అక్క గోడవైపు తిరిగి నిలబడి రొట్టెముక్క గబగబా నములుతోంది. ఉలిక్కిపడి తిరిగింది.

"వాడికా? వాడిక్కడెక్కడున్నాడురా? మెట్లెక్కలేడు కదా."

"మరి నువ్వు పైకొచ్చి, దొంగలా నిలబడి తినడమేంటి?"

"కింద తింటే నా చేతికేసి, నోటికేసి చూస్తాడురా. వాడలా చూస్తుంటే నాకు ముద్ద దిగదు. పెడితే కాళ్లు పోతాయాయె." పళ్లెం కిందపెట్టి చెయ్యి తుడుచుకుంది. "చిన్నప్పుడు నువ్వూ అలాగే చూసేవాడివి. అప్పుడైతే నాది నీకు పెట్టేసి ఊరుకునేదాన్ని. పెట్టకుండా ఉండటం ఇప్పుడు నేర్చుకుంటున్నా. కష్టంగా ఉంది."

ఆవిడ భుజాల దగ్గర బట్ట వదులై వేలాడుతోంది. వీధిలో పోయే ప్రతి మనిషినీ కంటితోనే కొలిచేసే మనిషికి, సొంత అక్క చిక్కిపోయిందన్న సంగతి అప్పుడు కనబడింది. సిగ్గుతో చచ్చిపోయాడు. "తప్పయిపోయిందక్కా" అని కత్తెర పట్టుకునే ఏడ్చాడు. "ముందా కత్తెర కింద పెట్టరా, కన్ను పొడుచుకుంటావు" అంది అక్క.

మర్నాడు ముగ్గురూ కప్పు, గిన్నె, గుళికల సంచీతో సహా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడకూ అంతుబట్టలేదు. కాసేపు ఆలోచించి, "మాస్టారూ, మీరు రోజూ ఎలా కొలుస్తారో నాకోసారి చూపించండి" అంది.

మాస్టారు చొక్కా చేతులు మడిచాడు. కప్పు నింపాడు. టేపుపట్టీ అంచుతో పైన తుడిచి, గుళిక హెచ్చూతగ్గూ లేకుండా సమం చేశాడు. గిన్నెలో పోశాడు. వెంటనే సంచిలో చెయ్యిపెట్టి ఒక గుప్పెడు తీసి పైన వేశాడు.

"అదేంటి?" అంది డాక్టరమ్మ.

"ఏది?"

"ఆ గుప్పెడు!"

"అదా? కుట్టుకోసం వదిలింది" అన్నాడు మాస్టారు. "కొలతకు సరిగ్గా కత్తిరిస్తే కుట్టేటప్పుడు చాలదు కదండీ. నాలుగువైపులా కొంచెం..."

అని ఆగిపోయాడు. తన చేతికేసి తనే చూసుకున్నాడు. అక్క ముక్కున వేలేసుకుంది. డాక్టరమ్మ బల్లమీద తల వాల్చి కడుపు పట్టుకుని నవ్వింది.

"రోజుకు రెండు గుప్పెళ్లు! ఓరి నాయనోయ్, నేనే పెట్టాను! దొంగను నేనే!" అని మాస్టారు అరిచిన అరుపుకి బయట కూర్చున్న కుక్కలన్నీ అందుకున్నాయి.

గుప్పెడు ఆగింది. కప్పు అక్క చేతికొచ్చింది. కొన్ని వారాలకు ముల్లు వెనక్కి జరిగింది. మాస్టారు ఆ సంగతి సెలూన్లో సగం గడ్డం గీయించుకున్నవాళ్లకు కూడా వదలకుండా చెప్పొచ్చాడు. సాయంత్రాలు గుండీని నడిపిస్తున్నాడు, వాడికంటే ముందు తనే ఆయాసపడుతున్నాడు. అక్క మాత్రం మధ్యాహ్నం మేడమీదే తింటోంది. ఇప్పుడు మాస్టారు బతిమాలి ఇంకో రొట్టెముక్క వేశాకే పైకి పంపుతున్నాడు.

ఓ మధ్యాహ్నం ఆయన ఒక పెళ్లికొడుక్కి కోటు వేసి సూదులు గుచ్చుతుండగా మేడమీదినుంచి కేక.

"ఒరేయ్ తమ్ముడూ! ఎక్కాడురా! ఒక్కడే ఎక్కేశాడు!"

మాస్టారు పెళ్లికొడుకును ఒక చెయ్యి పైకెత్తించి అలాగే వదిలేసి, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ పైకి పరుగెత్తాడు. గుండీ గది మధ్యలో నాలుక వేలాడేసి, తోకతో నేల బాదుతూ నిలబడి ఉన్నాడు. అక్క పళ్లెం నెత్తిమీదికి ఎత్తి పట్టుకుని గోడకు ఆనుకుంది. నవ్వుతోంది, బుగ్గలమీద నీళ్లు కారిపోతున్నాయి.

"ఇక నేనెక్కడికి పోయి తినాలిరా?"

"ఎక్కడికీ పోవద్దు" అన్నాడు మాస్టారు. కుర్చీ లాగి అక్కను కూర్చోబెట్టాడు. తను నేలమీద చతికిలబడి, గుండీని రెండు చేతులా వాటేసుకుని, వాడి మొహం తన గుండెలకేసి తిప్పుకున్నాడు. "నువ్వు నెమ్మదిగా తినక్కా. నీ కడుపు నిండేదాకా నేను వీణ్ణి వదలను."